తాకట్టు చెంబు

విశాఖపట్నంలో ఒక గదిలో, తెల్లగుడ్డ పరిచిన బల్ల మీద, మా నాయనమ్మ చెంబును ఇన్నేళ్ల తర్వాత చూశాను. సముద్రం అడుగున ఇనుమూ బొగ్గూ మధ్య పడి ఉండి నల్లగా మారిపోయింది. ఒక పక్క సొట్టపడింది. అంచు చుట్టూ సున్నపు పొక్కులు కట్టాయి. మెడ కింద మాత్రం ఎవరో ఓపిగ్గా శుభ్రం చేస్తే అక్షరాలు బయటపడ్డాయి. "మార్తమ్మ, నడికుడి." పేరు కొట్టిన మనిషికి జాగా చాలక చివరి అక్షరం కాస్త కిందికి దిగి ఉంటుంది. ఆ అక్షరాన్ని వేలితో తడిమాను. చిన్నప్పుడు చింతపండు పెట్టి తోమేటప్పుడు నా బొటనవేలికి తగిలే చోటు అదే. మునిగిన ఓడలోకి దిగి దాన్ని పైకి తెచ్చిన కుర్రవాడు నా భుజం పట్టుకుని, "దుఃఖం వస్తే కాసేపు కూర్చోండి మామ్మగారూ" అన్నాడు. "దుఃఖం కాదు బాబూ, కోపం" అన్నాను. ఎగతాళికి అన్నాననుకుని నవ్వాడు. పేపర్లో ఆ చెంబు ఫొటో చూసి నన్ను అక్కడికి తీసుకెళ్లిన మా అమ్మాయి మాత్రం నవ్వలేదు. దానికి నా కోపం వయసు తెలుసు.

మేం నడికుడిలో రైలు కట్టకు ఇవతల, గుడి గంట వినిపించే దూరంలో ఉండేవాళ్లం. గుడి అంటే మా క్రైస్తవుల పేటలోని ప్రార్థన గుడి. అమ్మా నాన్నా నాకు ఊహ తెలియకముందే కలరాకు పోయారు. మా యాకోబన్ననీ నన్నూ నాయనమ్మే పెంచింది. తెల్లవారగానే వాకిట్లో నాపరాయి మీద గొంతుక్కూర్చుని ఆమె ఇత్తడి సామాను తోమేది. బూడిద, చింతపండు, కొబ్బరి పీచు. నోట్లో ఆరిపోయిన చుట్ట. పక్క పొయ్యి మీద జొన్న సంకటి ఉడుకుతుంటే ఆ వాసనా చుట్ట వాసనా కలిసి మా ఇంటి పొద్దుగా ఉండేవి. ఇప్పటికీ ఎక్కడైనా పొగాకు వాసన తగిలితే నాకు ఆకలేస్తుంది. మాకు ఆస్తి అంటూ ఏమీ లేదు కానీ ఇత్తడి ఉండేది. ప్రతి దాని మీదా నాయనమ్మ పేరు కొట్టించేది. "పేరు లేని గిన్నె పెళ్లికి పోతే తిరిగి రాదే" అనేది.

పేటకంతటికీ ఒకటే బావి. పల్నాడు బావుల సంగతి చూసినవాళ్లకే తెలుస్తుంది. చేంతాడంతా వదిలాక గానీ బిందె నీళ్లను తాకదు. అంత లోతు బావిలో ముడి జారి బిందెలూ చెంబులూ పడిపోతూనే ఉండేవి. వాటిని తీయడానికి పాతాళ గరిగె ఉండేది. చుట్టూ కొక్కేలు వేలాడే ఇనుప గుత్తి అది. తాడు కట్టి బావిలోకి దింపి అడుగున కలియతిప్పితే ఏ కొక్కేనికో ఒక దానికి బిందె అంచు చిక్కుకుంటుంది. పేటలో గరిగె మా ఇంట్లోనే ఉండేది. ఎవరు అడిగినా నాయనమ్మ ఇచ్చేది, కానీ ఉత్తచేతులతో వస్తే ఇవ్వదు. అడగవచ్చినవాళ్లు ఒక ఇత్తడి చెంబు మా ఇంట్లో తాకట్టు పెట్టి గరిగె తీసుకెళ్లాలి. గరిగె తిరిగొచ్చాక చెంబు తిరిగి వెళ్తుంది. ఇది ఆమె పెట్టిన రూలు కాదు, మా వైపు అన్ని ఊళ్లలోనూ ఉన్న ఆచారమే. గరిగె కోసం వచ్చినవాళ్లు ఊరికే పోరు. చెంబు దింపి, చుట్ట ముట్టించుకుని, ఇంటి గుట్టంతా చెప్పి పోతారు. అందరికన్నా ఎక్కువగా వచ్చేది ఎదురింటి ఎస్తేరత్త. ఆమె చేతిలో ముడి ఎప్పుడూ నిలవదు. "మీ బిందెలకు ఈత నేర్పకూడదటే ఎస్తేరూ" అని నాయనమ్మ వేళాకోళమాడేది.

యాకోబన్న రైలింజన్లో బొగ్గు వేసే పనిలో ఉండేవాడు. యుద్ధం ముదిరాక, ఓడల్లో బొగ్గు వేసేవాళ్లు కావాలనీ కూలి బాగా ముడుతుందనీ ఎవరో వచ్చి చెప్పారు. పేట నుంచి ముగ్గురు బయల్దేరారు. ఒకడు మా అన్న. ఇంకొకడు ఎస్తేరత్త కొడుకు బెంజిమెను. మూడోవాడు పౌలయ్య కొడుకు దానియేలు. దానియేలుకి కాస్త ఇంగ్లీషు వచ్చు, మనిషి తెల్లగా ఉంటాడు. అందుకని అతనికి దొరల భోజనాల గదిలో వడ్డించే పని దొరికింది. మిగతా ఇద్దరూ ఓడ అడుగున బొయిలరు దగ్గర. వెళ్లేరోజు నాయనమ్మ తన చెంబే అన్న చేతికిచ్చింది. పొయ్యి ముందర నిలబడేవాడికి నీళ్లు దగ్గరుండాలని. రైలింజన్లో పనిచేసినప్పుడూ అంతే, చెంబు పక్కన లేకుండా అన్న పార పట్టేవాడు కాదు.

ఒకసారి సెలవు మీద ముగ్గురూ కలిసే వచ్చారు. మా వాకిట్లో కూర్చుని సబ్‌మెరైన్ల గురించి చెప్పుకుంటుంటే పేటంతా చేరింది. "నీళ్లలో మునిగి మళ్లీ ఎట్టా లేస్తదిరా, రాయి మునిగితే లేస్తదా?" అని ఎస్తేరత్త అడిగింది. అన్న నా చేత బొప్పాయి కాడ ఒకటి కోయించాడు. చెంబును బోర్లించి నీళ్ల తొట్టిలోకి అదిమాడు. "చూడత్తా, లోపల గాలుంది. అందుకని మునగనంటంది. సబ్‌మెరైన్‌కి రెండు పక్కలా ఇట్టాంటి తొట్లు ఉంటై. మునగాలంటే పైన మూతలు తెరిసి గాలిని పోనిస్తరు, కింద నుంచి సముద్రం నీళ్లు ఎక్కుతై." చెంబును కాస్త వాల్చాడు. బుడబుడమని గాలి పోయి చెంబు అడుక్కి చేరింది. తర్వాత దాన్ని అడుగునే బోర్లించి, బొప్పాయి కాడ ఒక కొన చెంబు కిందికి పెట్టి రెండో కొన నోట్లో పెట్టుకుని ఊదాడు. చెంబు కదిలింది, ఊగింది, ఉన్నట్టుండి పైకి లేచింది. పేటంతా అబ్బో అంది. నాకు మళ్లీ మళ్లీ చేసి చూపించమని గోల చేశాను.

"లోపల దానికి నూనె ఇంజను ఉంటది కానీ నీళ్ల కింద అది నడవదు, దానికి గాలి కావాల. కింద ఉన్నంతసేపూ బ్యాటరీల మీదే పోతది. అయ్యి అయిపోతే పైకి తేలాల్సిందే. అందుకే రాత్రిళ్లు చీకటి చూసుకుని తేలి, ఇంజను వేసుకుని బ్యాటరీలు నింపుకుంటది. అప్పుడే మాకు గండం. సముద్రం మీద చిన్న వెలుతురు కనపడితే చాలు, టార్పెడో వొదులుద్ది" అన్నాడు అన్న. దానియేలు అందుకుని, "మా ఓడలో వెలుతురు కనపడదులే. భోజనాల గది కిటికీలకు ఇనప మూతలుంటై. పొద్దుగూకంగానే అయ్యన్నీ దించి మరలు బిగించేది నేనేగా. కెప్టెను దొర ఆ పని నన్ను తప్ప ఇంకొకరిని నమ్మడు" అన్నాడు. ఆ మాట పేటంతా విన్నది. గొప్పగా కాలు మీద కాలేసుకుని చెప్పాడు. నాకు ఆ కాలు ఆడించడం కూడా గుర్తుంది.

వాళ్లు తిరిగి వెళ్లిన తర్వాత, ఆ ఏడు మిరపకోతలు సాగుతుండగా, ఓడ మునిగిందని తెలిసింది. మన తీరానికి దగ్గర్లోనే, రాత్రిపూట, సబ్‌మెరైన్ దెబ్బకు. కొన్నాళ్లకు దానియేలు ఒక్కడే చేతికి కట్టుతో దిగాడు. ఆదివారం ప్రార్థనలో సాక్ష్యం చెప్పడానికి లేచాడు. మా గుడిలో గండం గడిచినవాళ్లు అందరి ముందూ నిలబడి, దేవుడు తమను ఎలా కాపాడాడో చెప్పుకుంటారు. దాన్నే సాక్ష్యం అంటాం. సాక్ష్యానికి ఎవరూ ఎదురు ప్రశ్న వేయరు. అది దేవుడి ముందు చెప్పిన మాట. దానియేలు కళ్లు తుడుచుకుంటూ, "ఒక్కడి పాపానికి అందరం మునిగాం. మన యాకోబు పైకొచ్చి డెక్కు మీద బీడీ ముట్టించాడు. వొద్దురా అని నేను అరుస్తానే ఉన్నా. ఆ నిప్పు చూసే వాళ్లు కొట్టారు. పాపం బెంజిమెను కింద బొయిలరు కాడ ఉండిపోయాడు" అన్నాడు. బల్లల వరుసలో నా పక్కన కూర్చున్న ఎస్తేరత్త మెల్లగా లేచి అవతలి వరుసలోకి వెళ్లి కూర్చుంది. నాయనమ్మ కదల్లేదు. అన్న బీడీ తాగుతాడన్నది నిజమే, అందరికీ తెలుసు. అబద్ధంలో అంత నిజం కలిపితే ఇక దాన్ని విడదీసేదెవరు?

ఆ రోజు నుంచి గరిగె కోసం మా గుమ్మం తొక్కినవాళ్లు లేరు. బిందెలు బావిలో పడటం మానలేదు. పక్కూరి నుంచి ఎవరినో బతిమాలి తెచ్చుకునేవాళ్లు, లేదా పోయిందని వదులుకునేవాళ్లు. మాతో మాట్లాడొద్దని ఎవరూ తీర్మానం చేయలేదు. గరిగె అడగడం మానేశారు, అంతే. చూరుకు వేలాడుతూ దానికి తుప్పు పట్టింది. తర్వాత గుడి గోడలో నాపరాయి పలక ఒకటి కట్టారు, యుద్ధంలో పోయిన పేటవాళ్ల పేర్లతో. బెంజిమెను పేరు చెక్కారు. మా అన్న పేరు చెక్కలేదు. ప్రతి ఏడూ ఆ పేర్లు చదివి ప్రార్థన చేసేవాళ్లు. మేం తలవంచుకుని మా వాడు లేని ప్రార్థనకు ఆమెన్ అనేవాళ్లం. దానియేలు సాక్ష్యానికి ముందు నాయనమ్మ సామాను తోముతూ సబ్‌మెరైన్ నడిపినవాణ్ని తిట్టేది. ఆ తర్వాత వాణ్ని వదిలేసింది. "వాడెవడో వాడి పని వాడు చేశాడు. ఈ దానియేలు మన ఉప్పు తిని మనోణ్ణి రెండోసారి ముంచాడే రూతూ. వీడి బిందె బావిలో పడకపోదు. నేను చావను" అనేది. నిజంగానే ఆమె ఆ ఒక్క పని కోసం బతుకుతున్నట్టు ఉండేది. నేను కూడా బావి దగ్గర నిలబడి, దానియేలు ఇంటివాళ్ల చేంతాడు ముడి ఊడిపోవాలని ప్రార్థన చేసేదాన్ని. నా బాల్యంలో అంత భక్తిగా ఇంకే ప్రార్థనా చేయలేదు.

పడింది. దానియేలుకి పెళ్లయి, కొత్త పెళ్లాం పుట్టింటి నుంచి తెచ్చుకున్న రాగి బిందె బావిలో పడింది. పక్కూరి గరిగెవాళ్లు పంపలేదు, వాళ్ల అవసరం వాళ్లకుంది. ఆ పిల్ల ఏడుస్తూ చెంబు పట్టుకుని మా వాకిట్లో నిలబడింది. "నీ మీద నాకేం కోపం లేదమ్మా. మీ ఆయన్ని రమ్మను" అంది నాయనమ్మ. సాయంత్రానికి దానియేలు వచ్చాడు, అదే చెంబుతో. వెనకే నలుగురు చేరారు. ఎస్తేరత్త తన గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"తాకట్టు తెచ్చాను నాయనమ్మా" అన్నాడు. పేటలో అందరికీ ఆమె నాయనమ్మే.

"చెంబు పెట్టు. ఒక మాటడుగుతా, చెప్పి గరిగె తీసకపో. ఆ యేళ డెక్కు మీద మావోడు నీకు కళ్లారా కనపడ్డాడా?"

"కనపడ్డాడు. ఇయ్యాల మీరు కనపడినట్టే."

"చేతిలో ఏముంది?"

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. వాడు అతికించబోయాడు. "బీడీ ఉంది. రెండో చేతిలో మీ చెంబుంది. ఎప్పుడూ వొదలడుగా దాన్ని. దెబ్బ తగలంగానే చెంబుతో సహా ఎగిరి సముద్రంలో పడ్డాడు. నా కళ్ల ముందరే."

"అందరూ ఇన్నారా?" అని నాయనమ్మ చుట్టూ చూసింది. గరిగె తీసి ఇచ్చింది. బిందె దొరికింది. మర్నాడు వాడు గరిగె తిరిగి తెచ్చి చెంబు అడిగితే, "ఇయ్యను" అంది. "నా చెంబు సముద్రంలో ఉందని నువ్వే అంటివి. అది పైకి వొచ్చిన్నాడు వొచ్చి నీ చెంబు తీసకపో."

అలాంటిది మా వైపు ఎవరూ వినలేదు. తాకట్టు చెంబు ఇవ్వకపోవడమంటే మాట తప్పడమే. పేట పెద్దలు వచ్చారు, గుడిలో ప్రార్థన చేయించే అయ్యగారు వచ్చి వాక్యం చదివాడు. "క్షమించమని ప్రభువు చెప్పాడు కదమ్మా" అన్నాడాయన. "చెప్పాడయ్యగారూ. దొంగసాక్ష్యం చెప్పొద్దని కూడా చెప్పాడు. ముందు అది వాడికి చదివి రాండి" అంది నాయనమ్మ. వాళ్లు తలలు దించుకుని వెళ్లిపోయారు. ఆ ముసలిదాని మొండితనాన్ని పేటలో కథలాగా చెప్పుకున్నారు. నాకైతే ఆ రోజు పండగ. చూరు కింద వాడి నాన్న పౌలయ్య పేరు కొట్టిన ఆ చెంబు మెరుస్తుంటే కడుపు నిండినట్టుండేది.

నాయనమ్మ పోయేముందు దాన్ని నా ఒడిలో పెట్టింది. "తోముతా ఉండు. దీనికి మాత్రం తుప్పు పట్టనీయమాక" అంది. ఇత్తడికి తుప్పు పట్టదని నాకు తెలుసు. ఆమె అన్నది దేని గురించో అదీ తెలుసు. నేను టీచరునయ్యాను, బదిలీల మీద రాజుపాలెం, పెదకూరపాడు తిరిగాను, ఎక్కడికి వెళ్లినా ఆ చెంబు నా పెట్టెలో ఉండేది. పిల్లలకు క్షమాగుణం మీద పాఠాలు చెప్పి ఇంటికొచ్చి దాన్ని తోమేదాన్ని. అంతలో దానియేలు గుడికి పెద్ద అయ్యాడు. జెండా పండగకు అతన్ని బడికి పిలిచి దండ వేసేవాళ్లు, యుద్ధం చూసొచ్చినవాడని. నిండా బతికి, మంచం మీద, కొడుకూ కోడలి చేతుల్లో పోయాడు. ఎస్తేరత్త అంతకుముందే పోయింది, చివరిదాకా మా గడప తొక్కకుండానే. నిజం నిలకడ మీద తెలుస్తుందంటారు. ఆ నిలకడ ఇంత ఆలస్యమైతే అది ఎవరికి కావాలి? ఆ మాట చెప్పిన పెద్దలెవరో కానీ, వాళ్లకు ఎదురింటి ఎస్తేరత్త లేదు.

విశాఖలో ఆ కుర్రవాడు నాకు ఫోన్లో వీడియోలు చూపించాడు. పచ్చటి నీళ్లలో ఓడ నిటారుగా కూర్చుని ఉంది, చేపలు తిరుగుతున్నాయి. "మునిగిన ఓడ అబద్ధం చెప్పదు మామ్మగారూ, ఏది ఎక్కడుందో అక్కడే ఉంటుంది" అన్నాడు. బొయిలరు పక్కన రేకులు లోపలికి వంగి ఉన్నాయి. దెబ్బ అక్కడే తగిలిందట, అక్కడున్నవాళ్లకు మెట్లెక్కే వ్యవధి కూడా దొరికి ఉండదట. బొగ్గు కుప్ప అలాగే గట్టిపడి ఉంది. దాని పక్కన పార. పారకు ఆనుకుని మా చెంబు.

"ఇది పై డెక్కు మీది నుంచి కిందికి జారి పడి ఉండొచ్చా?" అని అడిగాను. వాడు వీడియోను వెనక్కి తిప్పి చూపించాడు. మధ్యలో రెండు అంతస్తులు ఉన్నాయనీ, వాటి తలుపులు బిగించే ఉన్నాయనీ, తాము కూడా పక్కన పడిన రంధ్రంలోంచే లోపలికి వెళ్లామనీ చెప్పాడు. తర్వాత ఇంకో వీడియో పెట్టాడు. పైన ఒక గది, నేలంతా పింగాణీ పళ్లెం ముక్కలు. గోడకు గుండ్రటి కిటికీలు. వాటి ఇనుప మూతలు పైకెత్తి, కప్పు కొక్కేలకు తగిలించి ఉన్నాయి. ఒక్కటి కూడా దించలేదు.

"యుద్ధంలో రాత్రిపూట ఇవి దించాలి. ఎందుకో ఎవరూ దించలేదు" అన్నాడు వాడు. "ఇన్నేళ్లలో సముద్రమే పైకెత్తి ఉండొచ్చుగా?" అన్నాను. "కిందికి పడేస్తుందేమో కానీ, ఎత్తి కొక్కేనికి తగిలించదండీ" అన్నాడు. ఆ వెలుతురు చూసే సబ్‌మెరైన్ కొట్టిందని మాత్రం ఒట్టు వేయలేనన్నాడు. నాకు వాడి ఒట్టు అక్కర్లేదు. కాలు మీద కాలేసుకుని ఊపుతూ చెప్పిన మాట నా చెవుల్లో ఉంది. మా అన్న బీడీ కాదు, ఆ గదిలో దీపం. తన తప్పును చచ్చినవాడి నోట్లో పెట్టి దానికి నిప్పంటించాడు.

నాయనమ్మ చెంబు వాళ్లే ఉంచుకున్నారు, అద్దాల పెట్టెలో పెడతారట. ఉంచుకోనీ. పైకి వచ్చింది, అంతే కావాలి. ఆమె మాట ప్రకారం ఇక తాకట్టు చెంబు తిరిగి ఇచ్చేయాల్సిన రోజు వచ్చింది. నరసరావుపేటలో గిన్నెల మీద పేర్లు వేసేవాడు ఇంకా ఒకడున్నాడు, ఇప్పుడంతా మెషీను. నేను ఉలితోనే కొట్టమన్నాను. చెంబును చేత్తో తూచి చూసి, "తోమి తోమి రేకయిపోయిందమ్మా, మెల్లగా కొట్టాలి" అన్నాడు. పౌలయ్య పేరు కింద ఏం రాయాలో చెప్పాను. వాడు ఒకసారి నా మొహం చూసి పని మొదలుపెట్టాడు.

ఆదివారం నడికుడి వెళ్లాం. బావికి ఇనుప వల బిగించారు, కింద ప్లాస్టిక్ సీసాలు తేలుతున్నాయి. గరిగె అంటే ఏంటో పేటలో పిల్లలకు తెలీదు. ప్రతి ఇంటికీ కుళాయి, ఎవరికీ ఎవరి చెంబుతోనూ పని లేదు. గుడి మాత్రం అదే, గోడలో పలక అదే. సాక్ష్యాలు చెప్పే వేళ మా అమ్మాయి చెయ్యి పట్టుకుని లేచాను. దానియేలు నిలబడ్డ చోటే నిలబడి, చెంబు ఎక్కడ దొరికిందో, మూతలు ఎక్కడ తగిలించి ఉన్నాయో, వాటిని దించే పని ఎవరిదో చెప్పాను. ఎవరూ ఎదురు ప్రశ్న వేయలేదు. సాక్ష్యానికి వేయరు కదా.

బయట వేపచెట్టు కింద దానియేలు కొడుకు శామ్యూలు నా దగ్గరికి వచ్చాడు. అతనూ ముసలివాడే, నెమ్మదస్తుడు. నా మొహంలోకి చూడలేక, "మా నాయన పోయాడు పిన్నీ. ఇప్పుడిదంతా ఎందుకు? క్షమించలేవా?" అన్నాడు. వాళ్ల అమ్మ ఏడుపు మొహమే అతనిదీ. ఒక్క క్షణం జాలేసింది. గోడలో పలక వైపు చూశాను, జాలి పోయింది.

"క్షమించేది వాడు, సముద్రంలో ఉన్నోడు. నేను తాకట్టు ఇచ్చి పోదామని వొచ్చా" అని సంచిలోంచి చెంబు తీసి అతని చేతుల్లో పెట్టాను. అతను తాత పేరు చూసుకున్నాడు. దాని కింది వరుస పెదాలు కదుపుతూ చదివాడు: "యాకోబు బొయిలరు దగ్గరే ఉన్నాడు."

"చెరపాలని చూడమాక శామ్యూలూ" అన్నాను. "చెంబుకు చిల్లు పడుద్ది."